పీటా కేసులో బాధితురాలు, ఐటీ కేసులో నిందితురాలు: రెండు తెలుగు రాష్ట్రాల హోం, న్యాయ శాఖలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హోం, న్యాయ, మహిళా శిశు సంక్షేమ శాఖల కార్యదర్శులకు, రెండు రాష్ట్రాల పోలీసు డైరెక్టర్ జనరళ్లకు,

నమస్కారం.

పీటా కేసులు, అశ్లీల వీడియోల కేసులు వాదించే న్యాయవాదులం, ఆ కేసుల్లో దొరికిన మహిళలతో పనిచేసే కౌన్సెలర్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. ఇందులోని అంశాలపై ఇదివరకే విడివిడిగా వినతిపత్రాలు ఇచ్చాం. ఇన్‌వర్డ్ నంబర్లు వచ్చాయి, జవాబులు రాలేదు. అందుకే అందరి ముందూ పెడుతున్నాం.

విషయం ఇది. ఇద్దరు వయోజనులు డబ్బు మీద ఒక గదిలో కలిశారనుకోండి. ఆ గది ఆమెదే, ఆమె ఒక్కతే ఉంటోంది, మధ్యలో దళారీ లేడు, గుడి, బడి, ఆస్పత్రి, హాస్టల్ 200 మీటర్ల లోపు లేవు, వీధిలో నిలబడి ఎవరినీ పిలవలేదు. అప్పుడు 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టంలో, అంటే మనం పీటా అంటున్న చట్టంలో, ఆమెకు వర్తించే నేరం లేదు. వ్యభిచారం దానికదే నేరమని చెప్పే సెక్షనే లేదని 2020 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు తేల్చి, ప్రభుత్వ సంరక్షణ గృహంలో (హోంలో) నిర్బంధించిన ముగ్గురు మహిళలను విడిచిపెట్టమంది కూడా. అదే గదిలో భద్రత కోసం మరో మహిళ తోడుగా చేరి ఇద్దరూ సంపాదించుకుంటే సెక్షన్ 2(ఎ) ప్రకారం ఆ గది ‘బ్రోతల్’ అవుతుంది. సెక్షన్ 3 కింద ఇద్దరిలో ఎవరైనా నిర్వాహకురాలు కావచ్చు. ఇక ఆ గదిలోనే ఒక ఫోను స్టాండు పెట్టి, తీసిన వీడియోను డబ్బు కట్టినవాళ్లకు చూపిస్తే, లైంగిక దృశ్యాలను ఆన్‌లైన్‌లో పెట్టడాన్ని నేరం చేసిన సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం సెక్షన్ 67ఎ వస్తుంది. మొదటిసారికే 5 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా.

కాలిఫోర్నియాలో దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ డబ్బిచ్చి కలవడం నేరం. కెమెరా ముందు, సినిమా కోసం, నటులకు పారితోషికం ఇచ్చి చేయించడం మాత్రం వ్యభిచారానికి పురమాయించడం కాదని 1988లో ఫ్రీమన్ కేసులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. ఇచ్చిన సొమ్ము నటనకే గానీ ఇచ్చినవాడి కోరిక తీర్చుకోవడానికి కాదన్నది ఒక కారణం, భావప్రకటన స్వేచ్ఛ మరో కారణం. 2008లో న్యూహాంప్‌షైర్ సుప్రీంకోర్టు కూడా తమ రాష్ట్ర రాజ్యాంగంలోని వాక్ స్వాతంత్ర్యం ఆధారంగా అలాంటి తీర్పే ఇచ్చింది. అక్కడ కెమెరా వస్తే నేరం పోతుంది, ఇక్కడ కెమెరా వస్తే నేరం పుడుతుంది. ఆ తీర్పులను ఇక్కడికి తెమ్మని మేం అడగడం లేదు. గదిలో ఉన్న మహిళ ఎవరో తేల్చకుండానే మన చట్టాలు ఆమెకు ఒక చోట ఒక పేరు, ఇంకో చోట ఇంకో పేరు పెడుతున్నాయన్నదే మా ఫిర్యాదు. ఏ పేరు వస్తుందన్నది చాలాసార్లు ఆమె చేసినదాన్ని బట్టి ఉండదు, తలుపు తట్టింది లా అండ్ ఆర్డర్ విభాగమా, సైబర్ విభాగమా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

దీనివల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో వరుసగా చెబుతాం.

1. ‘రక్షించిన’ మహిళ బయటికి రాలేకపోతోంది. దాడిలో దొరికిన మహిళను వెంటనే మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. వెంటనే కుదరకపోతే సెక్షన్ 17 కింద ముందు 10 రోజుల వరకు, విచారణ పేరుతో 3 వారాల వరకు హోంలో ఉంచవచ్చు. ఆ తర్వాత ‘సంరక్షణ అవసరం’ అని మేజిస్ట్రేటు భావిస్తే కనీసం ఏడాది, గరిష్ఠంగా 3 ఏళ్లు. ఆ సెక్షన్‌లో ‘వయోజనురాలు వద్దంటే’ అన్న మాట ఎక్కడా లేదు. నిర్వాహకుడికి మొదటి శిక్షలో కనీసం ఏడాది, గరిష్ఠంగా 3 ఏళ్లు. లెక్క సమానమే. అతనికి బెయిల్ ఉంది, ఈమెకు బెయిల్ అన్న మాటే లేదు, ఎందుకంటే ఈమె నిందితురాలు కాదు.

ఆచరణలో తప్పు ఎక్కడ జరుగుతుందో కూడా చెప్పాలి. ప్రొబేషన్ అధికారి ఇంటికి వెళ్లి విచారించి నివేదిక ఇవ్వాలి. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన మహిళ అయితే ఆ నివేదిక ఆలస్యమవుతుంది. గడువు దాటిందని అడిగే న్యాయవాది ఆమెకు ఉండడు. మేజిస్ట్రేటు సలహా కోసం అయిదుగురు పెద్దల ప్యానెల్‌ను పిలవవచ్చని, అందులో వీలైనంతవరకు ముగ్గురు మహిళలు ఉండాలని చట్టంలో ఉంది. ఆ ప్యానెల్ జాబితా ఏ కోర్టులో ఉందో అడిగితే తడుముకోవాల్సి వస్తోంది. హోంకు పంపే ఉత్తర్వుపై సెషన్స్ కోర్టులో అప్పీలు ఉందని ఆ మహిళకు ఎవరూ చెప్పరు. తల్లి హోంలో ఉన్నన్నాళ్లు పిల్లలు బంధువుల దగ్గరో, శిశు సంక్షేమ సమితి దగ్గరో ఉంటారు. అద్దె గది పోతుంది, బడి పోతుంది. అప్పులవాడు మాత్రం పోడు.

సుప్రీంకోర్టు 2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో దీన్ని పట్టించుకుంది. ధర్మాసనానికి నేతృత్వం వహించింది తెలుగువారే, జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు. ఇష్టం లేకుండా హోంలలో ఉన్న వయోజన మహిళలను గుర్తించేందుకు రాష్ట్రాలు సర్వే చేయాలని, గడువు పెట్టుకుని విడుదలకు చర్యలు తీసుకోవాలని చెప్పింది. మన రెండు రాష్ట్రాల సర్వేలో ఏం తేలింది? ప్రజలు చదువుకునే చోట ఆ నివేదిక మాకు కనిపించలేదు.

2. వీడియోలో కనిపించిన మహిళ నిందితురాలవుతోంది. 67ఎలో ‘ప్రచురించిన, ప్రసారం చేసిన, చేయించిన’ వారెవరైనా అని ఉంది. నిర్మాత, యాప్ యజమాని, ఎడిటర్, నటించిన అమ్మాయి, అందరికీ ఒకే గీత. మహిళల అసభ్య చిత్రణ నిషేధ చట్టం (1986) సెక్షన్ 4 అయితే ‘నిర్మించడం, నిర్మింపజేయడం’ కూడా నేరమంటుంది. మహిళల గౌరవం కోసం తెచ్చిన ఆ చట్టంలోనూ చిత్రణకు గురైన మహిళకు మినహాయింపు ఇవ్వలేదు.

2021 నాటి ముంబై కేసులు గుర్తుండే ఉంటాయి. వెబ్ సిరీస్ ఆడిషన్ అని పిలిచి, షూటింగు రోజు కథ మార్చారని కొందరు అమ్మాయిలు ఫిర్యాదు చేశారు. ఆ కేసులో ఐపీసీ 292, 293, 420, ఐటీ చట్టం 67, 67ఎ, అసభ్య చిత్రణ చట్టం పెట్టారు. దానికి అనుబంధంగా నడిచిన మరో కేసులో నటీమణులే నిందితులయ్యారు. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు నుంచి ముందస్తు బెయిల్ పొందినవారిలో వాళ్లూ ఉన్నారు. అలాంటి యాప్‌లలో కనిపించిన మహిళ ఒక ఎఫ్‌ఐఆర్‌లో ఫిర్యాది, ఇంకో ఎఫ్‌ఐఆర్‌లో నిందితురాలు. సుప్రీంకోర్టు దాకా లాయరును పెట్టుకోగలిగినవాళ్లు బయటపడతారు. వేషాల కోసం కృష్ణానగర్‌లో తిరిగే జూనియర్ ఆర్టిస్టుకు ఆ దారి లేదు. తాను మోసపోయానని స్టేషన్‌కు వెళ్తే తన మీదే 67ఎ పెడతారేమోనన్న భయంతో ఆమె వెళ్లదు. ఆ భయమే నిర్మాతకు పెట్టుబడి.

ఇక్కడ ఒక మాట ఆ అమ్మాయిల కోసం కూడా. ‘అగ్రిమెంట్ మీద సంతకం పెట్టావు, మధ్యలో మానేస్తే లక్షలు కట్టాలి’ అని బెదిరిస్తారు. చట్టవిరుద్ధమైన పని కోసం రాసుకున్న ఒప్పందం కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 ప్రకారం చెల్లదు. ఆ కాగితంతో ఎవరూ కోర్టులో పైసా రాబట్టలేరు. అయితే అదే కారణంతో, ఇస్తామన్న పారితోషికం ఎగ్గొట్టినా ఆమె కూడా దావా వేయలేదు.

3. శిక్షల తూకం తిరగబడి ఉంది. ఇల్లు నడిపేవాడికి పీటా సెక్షన్ 3 కింద మొదటిసారి జరిమానా నేటికీ 2,000 రూపాయలు మించదు. తన వీడియో తానే పెట్టుకున్న మహిళకు 10 లక్షల దాకా వేయవచ్చు. సెక్షన్ 8 చూడండి: విటులను పిలిచిన మహిళకు 6 నెలల వరకు జైలు. అదే నేరం మగవాడు చేస్తే 7 రోజుల నుంచి 3 నెలలు. సెక్షన్ 7 (బహిరంగ స్థలాల దగ్గర వ్యభిచారం), 8 కింద దోషి అయిన మహిళనైతే సెక్షన్ 10ఎ ప్రకారం జైలుకు బదులు 2 నుంచి 5 ఏళ్లు దిద్దుబాటు కేంద్రానికి పంపవచ్చు. మగవాడికి ఆ దిద్దుబాటు అక్కర్లేదని చట్టం నమ్మకం కాబోలు.

4. అసలు నేరం పేరు ఎఫ్‌ఐఆర్‌లోకే రావడం లేదు. మోసంతోనో, ప్రలోభంతోనో, బలహీనతను వాడుకునో లైంగిక దోపిడీ కోసం మనిషిని రప్పిస్తే అది ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 143 కింద మానవ అక్రమ రవాణా. 7 నుంచి 10 ఏళ్లు. ఒకరికి మించి బాధితులుంటే 10 ఏళ్ల నుంచి యావజ్జీవం. ఆ మహిళ ‘ఒప్పుకుంది’ అన్నది అక్కడ చెల్లే వాదన కాదు. అలా వచ్చిన వ్యక్తిని తెలిసి వాడుకుంటే సెక్షన్ 144 కింద 3 నుంచి 7 ఏళ్లు. అబద్ధపు ఆడిషన్‌కు సరిగ్గా సరిపోయే సెక్షన్లు ఇవి. ఇవి పెడితే డబ్బు ఎవరి ఖాతాకు పోయింది, టికెట్ ఎవరు కొన్నారు, ఫ్లాటు ఎవరు అద్దెకు తీసుకున్నారు అని తవ్వాలి. 67ఎకు వీడియో, ఫోను ఉంటే చార్జిషీటు సిద్ధం. పని తక్కువ ఉన్న సెక్షన్ గెలుస్తోంది.

పీటాలోనూ అంతే. సోదాకు ముందే కారణాలు రాసి పెట్టుకోవాలి. ఆ ప్రాంతానికి చెందిన ఇద్దరు మధ్యవర్తులు (సోదాకు సాక్షులు), వారిలో కనీసం ఒకరు మహిళ ఉండాలి. ఇద్దరు మహిళా పోలీసులు వెంట ఉండాలి. ఇన్‌స్పెక్టర్‌కు తగ్గని ప్రత్యేక అధికారే దర్యాప్తు చేయాలని సుప్రీంకోర్టు 1961లోనే రామ్‌సింగ్ కేసులో చెప్పింది. అయినా ఎస్సై వెళ్లి, నోట్ల నంబర్లు రాసి డెకాయ్‌ను, అంటే విటుడిలా నటించే మనిషిని, లోపలికి పంపి, ఒకే వీఆర్వోతోనో మున్సిపల్ ఉద్యోగితోనో మధ్యవర్తుల నివేదిక ముగించిన కేసులు మళ్లీ మళ్లీ చూస్తున్నాం. హైకోర్టులో కేసు కొట్టేస్తారు. నిర్వాహకుడు మర్నాడే ఇంకో అపార్టుమెంటు చూసుకుంటాడు. ఆ కేసు పోయిన సంగతి హోంలో ఉన్న మహిళకు తెలిసేసరికి నెలలు గడుస్తాయి.

5. దాడి వీడియోలు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ చిక్కు కొత్తది. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 105 ప్రకారం సోదాను, స్వాధీనాన్ని ఆడియో, వీడియోలో రికార్డు చేయాలి. ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. పోలీసుల మీద నిఘాకు మంచి నిబంధనే. కానీ పీటా దాడిలో తలుపు తీసిన క్షణంలో కెమెరా ముందు ఉండేది ఒంటిమీద బట్ట సరిగా లేని మనిషి. ఆమె అనుమతి లేకుండా ఆ స్థితిలో తీస్తే, చూపిస్తే న్యాయ సంహిత సెక్షన్ 77 కింద వాయరిజం, అంటే మహిళ ఏకాంతాన్ని చూడడం, చిత్రీకరించడం అనే నేరం. ఐటీ చట్టం 66ఇ కింద గోప్యతా భంగం. ఒక చట్టం తీయమంటోంది, ఇంకో చట్టం తీయొద్దంటోంది. మధ్యలో ఏం చేయాలో కానిస్టేబుల్‌కు రాసి ఇచ్చిన కాగితం లేదు. సొంత ఫోనుతో తీసిన రికార్డింగు గ్యాలరీలో మిగిలిపోతుంది. అక్కడి నుంచి స్టేషన్ వాట్సాప్ గ్రూపుకు, గ్రూపు నుంచి విలేకరికి దూరం ఎంత? సాయంత్రానికి చున్నీలు కప్పుకున్న ముఖాలతో, ‘వ్యభిచార గృహంపై మెరుపు దాడి’ అన్న శీర్షికతో స్క్రోలింగు మొదలవుతుంది. చున్నీ ముఖాన్ని దాస్తుంది గానీ చీరను, గొంతును, చేతి మీద పచ్చబొట్టును దాచదు. ఊళ్లోవాళ్లు గుర్తుపడతారు. బాధితులైనా నిందితులైనా ఈ మహిళల గుర్తింపు బయటపడకూడదని, ప్రసారం చేసే చానళ్లపై వాయరిజం సెక్షన్ గట్టిగా వాడాలని 2022 ఆదేశాల్లో స్పష్టంగా ఉంది. మాకు తెలిసినంతలో ఆ సెక్షన్ ఏ చానల్ గుమ్మం ఎక్కలేదు.

అదే ఆదేశాల్లో కండోమ్‌లను నేరానికి సాక్ష్యంగా చూపవద్దనీ ఉంది. ఎయిడ్స్ నియంత్రణ సంస్థ పంచుతుంది, పోలీసు స్వాధీనం చేసుకుంటాడు. రెండూ ప్రభుత్వమే.

6. వీడియో మిగిలిపోతోంది. 2024 మార్చిలో కేంద్రం 18 ఓటీటీ వేదికలను, 19 వెబ్‌సైట్లను, 10 యాప్‌లను మూయించింది. 2025 జులైలో మరో 25 వేదికలను. వాటిలో నటించిన మహిళల సంగతి ఎవరూ మాట్లాడలేదు. యాప్ మూతపడితే ఆమెకు రావాల్సిన డబ్బు ఆగుతుంది, వీడియో ఆగదు. టెలిగ్రామ్‌లోనో, విదేశీ సైట్లలోనో తిరుగుతూనే ఉంటుంది. చిత్రీకరణకు ఒప్పుకున్నా ఇతరులకు పంచడానికి ఒప్పుకోకపోతే పంచడం నేరమేనని న్యాయ సంహిత సెక్షన్ 77 వివరణలో ఉంది. నగ్నత్వం, లైంగిక చర్య ఉన్న దృశ్యంపై అందులోని వ్యక్తే ఫిర్యాదు చేస్తే తొలగించాల్సిన బాధ్యతను 2021 ఐటీ నిబంధనలు వేదికలపై పెట్టాయి, మొదట 24 గంటల గడువుతో. కానీ తొలగించమని అడగాలంటే ‘అందులో ఉన్నది నేనే’ అని ఆమె రాసివ్వాలి. 67ఎ కింద అది ఒప్పుకోలు అవుతుందేమోనని ఆమె భయం. చట్టం ఇచ్చిన హక్కును చట్టమే వాడుకోనివ్వడం లేదు.

స్టేషన్‌లో ఇంకో తప్పు జరుగుతుంది. ‘ఆ వీడియో నా నంబరుకు వాట్సాప్ చెయ్’ అంటారు. ఫైలు కుదించుకుపోయి హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంఖ్య) మారిపోతుంది, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన సాక్ష్య అధినియం సెక్షన్ 63 ధ్రువపత్రం దగ్గర కేసు తేలిపోతుంది. పైగా ఆమె చేతే ‘ప్రసారం’ చేయించినట్టు. లింకు, తేదీ, అడ్రస్ బార్ కనిపించే స్క్రీన్‌షాట్ తీసుకుని, ఫైలును స్టేషన్ పరికరంలోకి కేబుల్‌తో ఎక్కించి, అక్కడే షా-256 హ్యాష్ రాసుకుంటే పది నిమిషాల పని. ఆ బదులు ఫోను స్వాధీనం చేసుకుంటారు. ఆ ఫోనులోనే బ్యాంకు, పిల్లల స్కూలు, తల్లి నంబరు అన్నీ ఉంటాయి.

7. ఇంటివాళ్లూ, ఇంటి యజమానులూ. వయోజన సెక్స్ వర్కర్ సంపాదన మీద తెలిసి బతికే 18 దాటిన ఎవరైనా పీటా సెక్షన్ 4 కింద దోషులే, 2 ఏళ్ల వరకు జైలు. కలిసి ఉంటున్నారంటేనే అలా బతుకుతున్నట్టు చట్టం ఊహించుకుంటుంది. మంచం పట్టిన తల్లి, డిగ్రీ చదివే కొడుకు కూడా. వీడియోల సంపాదనకు ఇలాంటి సెక్షన్ లేదు. అలాగే పీటా కేసు అయిన ఇంటిని సెక్షన్ 18 ఉత్తర్వు తర్వాత ఏడాది పాటు మేజిస్ట్రేటు అనుమతి లేకుండా అద్దెకు ఇవ్వకూడదు. మైనరు దొరికితే 3 ఏళ్లు. ఫలితం ఊహించగలరు: ఒంటరిగా ఉండే ఏ ఆడమనిషికీ, నర్సుకైనా సేల్స్‌గర్ల్‌కైనా, ఆ వీధిలో ఇల్లు దొరకదు.

8. విటుడి విషయంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు గోయెంకా సజన్‌కుమార్ కేసులో సెక్షన్ 4 వర్తించదంది. కేరళ హైకోర్టు 2025లో వ్యభిచారానికి ప్రేరేపించడాన్ని నేరం చేసే సెక్షన్ 5(1)(డి) వర్తిస్తుందంది. మన స్టేషన్లు ఏది తోస్తే అది రాస్తున్నాయి.

9. వయసు. పీటాలో 16 లోపు ‘చైల్డ్’, 16 నుంచి 18 ‘మైనర్’. పోక్సోలో, ఐటీ చట్టం 67బిలో 18 లోపు అందరూ పిల్లలే. పదిహేడేళ్ల అమ్మాయి కేసులో పీటా మాత్రమే పెట్టి పోక్సో వదిలేస్తే విచారణ కోర్టే మారిపోతుంది. ఇది అక్షరాలా ఒక్క గీత తేడా, అమ్మాయికి మాత్రం చాలా తేడా.

ఇవన్నీ చదివి ‘మీరు అశ్లీల చిత్రాలకు లైసెన్సు అడుగుతున్నారా’ అని ఎవరైనా అనవచ్చు. లేదు. ఆ విషయంలో మాలోనే ఒక్క మాట లేదు. పీటాను పూర్తిగా తీసేయాలనేవారూ, ఇంకా బిగించాలనేవారూ ఈ లేఖ మీద సంతకం చేశారు. 2015లో హైదరాబాద్‌కు చెందిన ప్రజ్వల సంస్థ సుప్రీంకోర్టుకు సామూహిక అత్యాచారాల వీడియోలతో లేఖ పంపితే, కోర్టు దాన్ని తనంతట తానుగా విచారణకు తీసుకుంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే ఏర్పాటు వచ్చింది ఆ కేసు వల్లే. అలాంటి వీడియోలు ఉన్నంతకాలం 67ఎ ఉండాలి. ఎవరి మీద వాడాలన్నదే ప్రశ్న.

మా డిమాండ్లు ఇవి. మొదటి ఆరింటికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

ఒకటి. పీటా దాడి అయినా, వీడియో కేసు అయినా మొదటి గంటలో నింపే ఫారం ఒకటే ఉండాలి. వయసు ఆధారం, ఎవరు పిలిచారు, డబ్బు ఎవరి చేతికి లేదా ఏ యూపీఐ ఐడీకి వెళ్లింది, అక్కడి నుంచి వెళ్లిపోయే స్వేచ్ఛ ఉందా, ఫోను, ఆధార్ కార్డు ఎవరి దగ్గర ఉన్నాయి, ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలనుకుంటోంది. ఈ ప్రశ్నలు మహిళా అధికారే, నిర్వాహకులు వినని చోట, ఆమె భాషలో అడగాలి. బెంగాలీ, ఒడియా దుభాషీల జాబితా ప్రతి కమిషనరేట్‌లో ఉండాలి.

రెండు. ఆ మహిళను ముందు సాక్షిగానే చూడాలి. నిందితురాలిగా చేర్చాలంటే సంపాదనలో వాటా, ఇతరులను దించడం లాంటి ఆధారం చూపి డీఎస్పీ లేదా ఏసీపీ రాతపూర్వకంగా కారణం నమోదు చేయాలి. వీడియో కేసుల్లో 67ఎ రాసే ముందు న్యాయ సంహిత 143, 144, 77 వర్తిస్తాయో లేదో కేస్ డైరీలో రాయాలి. వీడియో తీసేయించమని వచ్చిన మహిళ ఇచ్చిన ఫిర్యాదును ఆమెపైనే కేసుకు ఆధారం చేయకూడదు.

మూడు. పీటా సెక్షన్ 17 విచారణ మొదటి రోజునే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ న్యాయవాది హాజరు కావాలి. మహిళలకూ, అక్రమ రవాణా బాధితులకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం సెక్షన్ 12లోనే ఉంది. హోం గోడ మీద అప్పీలు హక్కు, 10 రోజులు, 3 వారాలు అన్న గడువులు తెలుగు, హిందీ, బెంగాలీల్లో రాయించాలి.

నాలుగు. 2022 ఆదేశాల ప్రకారం హోంల సర్వే నివేదిక బయటపెట్టాలి. ఎంతమంది ఉన్నారు, ఎన్ని నెలలుగా, ఎవరి ఉత్తర్వుతో, వెళ్లిపోతామన్నవారు ఎందరు, అందులో వెళ్లినవారు ఎందరు. పేర్లు అక్కర్లేదు.

ఐదు. దాడి రికార్డింగు శాఖ ఇచ్చిన పరికరంలో, పోలీసులు సాక్ష్యాలు రికార్డు చేసే ఈ-సాక్ష్య యాప్‌తోనే జరగాలి. సొంత ఫోన్లు వెళ్లకూడదు. ముందు మహిళా పోలీసు లోపలికి వెళ్లి బట్టలు సర్దుకునే వీలు ఇచ్చాకే కెమెరా తిప్పాలి, అంతవరకు ఆడియో చాలు. హ్యాష్ విలువ మధ్యవర్తుల నివేదికలో అదే రోజు ఎక్కాలి. పత్రికా ప్రకటనలో మహిళల ఫొటో, వయసు, సొంత ఊరు, అపార్టుమెంటు పేరు ఉండకూడదు. ఫుటేజీ బయటికి వస్తే పరికరం ఎవరి పేరున జారీ అయిందో వాళ్లే జవాబుదారీ.

ఆరు. స్వాధీనం చేసుకున్న ఫోనుకు 15 రోజుల్లో ఫోరెన్సిక్ ప్రతి తీసి, ఫోను తిరిగి ఇవ్వమని సురక్షా సంహిత 497 లేదా 503 కింద ఆమె దరఖాస్తు పెడితే ప్రాసిక్యూషన్ అభ్యంతరం చెప్పకూడదు. కండోమ్‌లు స్వాధీన జాబితాలో కనబడితే ఆ జాబితాను పై అధికారి వెనక్కి పంపాలి.

ఏడు. ఇది కేంద్రంతో పని. పీటా 2(ఎ)లో ‘ఇద్దరు పరస్పర లాభం కోసం’ అన్న భాగాన్ని, సెక్షన్ 4లో తల్లిదండ్రులు, పిల్లలపై ఊహను, సెక్షన్ 8లోని ఆడ, మగ తేడాను, సెక్షన్ 10ఎను తొలగించాలని, 17(4)లో వయోజనురాలి రాతపూర్వక సమ్మతి చేర్చాలని, 67ఎలో దృశ్యంలో ఉన్న వ్యక్తికి మినహాయింపు ఇవ్వాలని రెండు రాష్ట్రాలూ కేంద్ర హోం, ఐటీ శాఖలకు రాయాలి. నిర్వాహకుడికి 2,000 రూపాయల జరిమానా సంగతి కూడా అందులోనే రాయండి.

తెలంగాణకు ప్రత్యేకంగా ఒక మాట. 1986 నాటి పీడీ (ముందస్తు నిర్బంధ) చట్టం పేరులోనే ‘అనైతిక వ్యాపార నేరస్తులు’ ఉన్నారు. 2018 సవరణతో ‘సైబర్ నేరస్తులు’, ‘లైంగిక నేరస్తులు’ కూడా చేరారు. విచారణ లేకుండా 12 నెలలు నిర్బంధించే ఆ అధికారాన్ని ఎడాపెడా వాడుతున్నారని 2023 సెప్టెంబరులో అమీనా బేగం కేసులో సుప్రీంకోర్టు తెలంగాణనే మందలించింది. గదిలో దొరికిన, వీడియోలో కనిపించిన మహిళపై పీడీ చట్టం ప్రయోగించరాదని విడిగా ఉత్తర్వు ఇవ్వండి.

ఈ లేఖ అందిన 60 రోజుల్లో ఏ డిమాండ్‌కు ఏ చర్య తీసుకున్నారో, దేన్ని ఎందుకు తిరస్కరిస్తున్నారో రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాం. నాలుగో డిమాండ్‌లోని అంకెలకు సమాచార హక్కు దరఖాస్తులు విడిగా పెడుతున్నాం. గడువు దాటితే 2022 మే 19 ఆదేశాల అమలు కోసం రెండు హైకోర్టుల్లోనూ రిట్ పిటిషన్లు వేస్తాం, ఈ లేఖ ప్రతిని వాటికి జత చేస్తాం.

ఇట్లు,
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కోర్టుల్లో పీటా, ఐటీ చట్టం కేసులు చూసే న్యాయవాదులు, కౌన్సెలర్లు